దేవుని ముందు పాపం ఒప్పుకోవడం ఎలా?

"ప్రభువా, నా పాపాలన్నీ క్షమించు." రాత్రి ప్రార్థనలో చాలామంది ఈ ఒక్క వాక్యంతో పని ముగిస్తారు. వాక్యంలో తప్పేమీ లేదు. కానీ ఏ పాపమో, ఎవరి పట్ల చేసిందో అందులో ఉండదు. అందుకే మోకాళ్ల మీద నుంచి లేచాక కూడా బరువు దిగినట్టు ఉండదు. మర్నాడు మళ్లీ అదే వాక్యం, మళ్లీ అదే బరువు.

బైబిల్లో హోషేయ గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడు దారి తప్పిన ఇశ్రాయేలుతో ఒక మాట అంటాడు: "మాటలు సిద్ధపరచుకొని యెహోవాయొద్దకు తిరుగుడి." బలిపశువును తెమ్మనడం లేదు, మాటలు తెమ్మంటున్నాడు. ఆ వెంటనే ఏం చెప్పాలో కూడా ఆయనే నేర్పిస్తాడు: అష్షూరు సామ్రాజ్యం మమ్మల్ని రక్షిస్తుందని ఇక అనుకోము, యుద్ధపు గుర్రాలను నమ్ముకోము, మా చేతులతో చేసిన బొమ్మలను దేవుళ్లని పిలవము. ఆ కాలంలో ఆ జనం నిజంగా చేసిన మూడు పనులవి. "మా పాపాలన్నీ" అన్న మాటతో మొదలుపెట్టించి, అక్కడితో ఆపనివ్వకుండా పేర్లు పెట్టి చెప్పిస్తున్నాడు. కింద రాసినదంతా ఆ మాటలు ఎలా సిద్ధం చేసుకోవాలి, చెప్పాక ఏం చేయాలి అన్న దాని గురించే.

ముందుగా, దాచడం ఆపండి

దావీదు 32వ కీర్తనలో తాను మౌనంగా ఉన్న రోజుల గురించి చెబుతాడు. ఎముకలు క్షీణించాయట, వేసవిలో నేల ఎండినట్టు సారం ఇంకిపోయిందట. బయటికి ఆ మనిషి మామూలుగానే కనిపించి ఉంటాడు. తన సైనికుడైన ఊరియా భార్య బత్షెబతో పాపం చేసి, ఊరియాను యుద్ధంలో చంపించాక ఆమెకు బిడ్డ పుట్టేదాకా, అంటే కనీసం కొన్ని నెలలు, ఆయన సింహాసనం మీద కూర్చుని తీర్పులు చెబుతూనే ఉన్నాడు. నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అనేదాకా నోరు విప్పలేదు.

మీ దగ్గరికి నాతాను వచ్చేదాకా ఆగకండి. ఒక గంట ఖాళీ చూసుకోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఒక కాగితం, కలం తీసుకోండి. ఆ కాగితం మీకు తప్ప ఎవరికీ కనబడదు కాబట్టి అందులో మర్యాదలు అక్కర్లేదు.

పరీక్షించుకోండి, కానీ కొలబద్ద మీది కాకూడదు

ఎవరి కొలబద్దతో వాళ్లు కొలుచుకుంటే అందరూ మంచివాళ్లే. కాబట్టి ముందు నిర్గమకాండము 20లోని పది ఆజ్ఞలు నెమ్మదిగా చదవండి. నరహత్య, వ్యభిచారం అన్న చోట "ఇది నాది కాదు" అనిపిస్తుంది. అప్పుడు మత్తయి 5వ అధ్యాయం తెరవండి. అక్కడ యేసు కోపాన్నీ తిట్టునూ నరహత్య గురించిన ఆజ్ఞ కిందకే తెస్తాడు, మోహపు చూపును వ్యభిచారం కిందకు తెస్తాడు. ఆ తర్వాత యాకోబు 4:17 చదవండి: మేలు చేయడం తెలిసి కూడా చేయకపోతే అది పాపమే. కాగితం నింపేది సాధారణంగా ఈ చివరి వచనమే. చేసినవి గుర్తుంటాయి, చేయకుండా వదిలేసినవి గుర్తుండవు.

139వ కీర్తన చివర్లో ఉన్న ప్రార్థన ఇక్కడ పనికొస్తుంది: "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." వెతికే పని ఆయనకు అప్పగించి, గుర్తుకొచ్చినవి మాత్రం రాయండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. శోధన, అంటే పాపం చేయాలన్న ప్రేరేపణ, వచ్చినంత మాత్రాన అది పాపం కాదు. యేసు కూడా అన్ని విషయాల్లో శోధించబడ్డాడు, పాపం మాత్రం చేయలేదు (హెబ్రీ 4:15). కాబట్టి మనసులోకి వచ్చిపోయిన ప్రతి ఆలోచననూ కాగితం ఎక్కించకండి. రెండోది ఇంకా ముఖ్యం: మీ మీద ఎవరో చేసిన దౌర్జన్యాన్ని మీ పాపంగా రాసుకోకండి. బాల్యంలోనో, పెళ్లిలోనో, పనిచేసే చోటో మీరు హింసకు గురైతే ఒప్పుకోవలసింది మీరు కాదు. ఇందులో మీ తప్పు కూడా ఉందని ఎవరైనా మిమ్మల్ని మోకరింపజేసి ఉంటే, ఆ పేజీ చింపేయండి.

చిన్న చిన్న విషయాలకే గంటలకొద్దీ మథనపడే స్వభావం మీదైతే, అరగంట దాటనివ్వకండి. గుర్తు రానివాటికి 19వ కీర్తనలోనే దారి ఉంది: "నేను రహస్యముగా చేసిన తప్పులు క్షమించి నన్ను నిర్దోషినిగా తీర్చుము." మిగిలినవి ఆ ప్రార్థనలో పెట్టి లేచిపోవచ్చు.

ఇప్పుడు మాటలు

నా లెక్కలో అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. డాక్టరు దగ్గరికి వెళ్లి "ఒంట్లో బాగా లేదు" అని ఊరుకుంటే ఆయన చేయగలిగింది తక్కువ. ఎక్కడ, ఎప్పటినుంచి అని చెప్పాలి. ఒప్పుకోలూ అంతే. డాక్టరుకు తెలియక అడుగుతాడు, దేవునికి తెలిసే అడుగుతాడు, అదొక్కటే తేడా. ఆయన ఏదెనులో "నీవు ఎక్కడ ఉన్నావు" అని అడిగింది ఆదాము చిరునామా తెలియక కాదు.

కాగితం మీద రాసుకున్న ప్రతి అంశాన్నీ "నేను" అన్న మాటతో మొదలయ్యే పూర్తి వాక్యంగా మార్చండి. "అబద్ధాలు" అని రాసి ఉంటే చాలదు. "నేను లెక్కల్లో చేసిన తప్పును, అడిగినప్పుడు, కొత్తగా చేరినవాడి మీదికి నెట్టాను, వాడికి తిట్లు పడుతుంటే పక్కన నిలబడి చూశాను." అదీ వాక్యం. "కోపం ఎక్కువ" అన్నది స్వభావం గురించిన వ్యాఖ్య. "నేను నిన్న రాత్రి అమ్మను నోటికొచ్చినట్టు అన్నాను, ఆమె ఏడుస్తుంటే తలుపు వేసుకున్నాను" అన్నది ఒప్పుకోలు.

తర్వాత ఆ వాక్యాల్లోంచి కొన్ని మాటలు తీసేయండి. "కానీ", "అయినా", "ఒకవేళ ఎవరైనా నొచ్చుకుని ఉంటే", "అలా జరిగిపోయింది" ఇలాంటివి. జరిగిపోవడం వానకు చెల్లుతుంది. జనం పూజించడానికి తాను చేసిన బంగారు దూడ గురించి అహరోను తన తమ్ముడు మోషేకు చెప్పిన సంజాయిషీ చదివితే నవ్వు ఆగదు: వాళ్లు బంగారం ఇచ్చారు, నేను దాన్ని అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది (నిర్గమ 32:24). తనే పోగరతో, అంటే చెక్కే పనిముట్టుతో, దానికి రూపు దిద్దాడని ఇరవై వచనాల ముందే రాసి ఉంది.

ఇశ్రాయేలు మొదటి రాజు సౌలుది ఇంకో రకం. 1 సమూయేలు 15లో ఆయన "నేను పాపము చేసితిని" అని రెండుసార్లు అంటాడు. మొదటిసారి జనానికి భయపడ్డానన్న కారణం చేరుస్తాడు. రెండోసారి ఆ మాట వెనకే, పెద్దల ముందు నన్ను ఘనపరచు అన్న విన్నపం తెస్తాడు. పాపం పోవాలని కాదు, పరువు పోకూడదని. మీ కాగితం మీద ఇదొక పరీక్షగా వాడుకోండి: ఈ సంగతి ఎప్పటికీ బయటపడదని ఎవరైనా హామీ ఇస్తే, మీకు ఇంకా క్షమాపణ కావాలా? దావీదు నాతాను ముందు పలికింది కూడా సౌలు మాటే, "నేను పాపముచేసితిని". దాని వెనక ఇంకేమీ లేదు.

సొంత మాటలు రాకపోతే 51వ కీర్తన గట్టిగా చదవండి. సంఘం శతాబ్దాలుగా పశ్చాత్తాప కీర్తనలని ఏడింటిని పిలుస్తోంది: 6, 32, 38, 51, 102, 130, 143. ఫలానా పని ఒకటి గుండెను పొడుస్తుంటే 51. దాచి దాచి అలసిపోయి ఉంటే 32. ఎక్కడో లోతుల్లో ఇరుక్కుపోయి మాట పెగలకపోతే 130. అది ఎనిమిదే వచనాలు.

అయితే 51లో "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అన్న వాక్యాన్ని పట్టుకుని, మనుషులకు క్షమాపణ చెప్పక్కర్లేదని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నాతాను చెప్పిన కథంతా ఒక ధనవంతుడు లాక్కున్న, పేదవాడి ఒకే ఒక్క గొర్రెపిల్ల గురించి. దేవుడు దావీదు మీద మోపిన నేరంలో ఊరియా పేరు ఉంది. ఆ వచనం చెప్పేది, మనిషికి చేసిన అన్యాయం చివరికి దేవుని మీదికే వెళ్తుందని. మనిషి లెక్కలోంచి తప్పుకున్నాడని కాదు.

ఏ ఆధారంతో అడగాలి

క్షమాపణ అడిగేటప్పుడు మనం సహజంగా బేరానికి దిగుతాం. మూడు వారాలు ఉపవాసం ఉంటాను, ఇక జన్మలో చేయను, ఇంత కానుక వేస్తాను. బైబిల్లోని గొప్ప ఒప్పుకోలు ప్రార్థనలు వేటిలోనూ ఆ ధోరణి లేదు. దావీదు "నీ కృపచొప్పున" అంటాడు. దానియేలు 9లో, మా నీతిని బట్టి కాదు, నీ గొప్ప కనికరాలను బట్టే అడుగుతున్నామంటాడు. కొత్త నిబంధన ఆ కనికరానికి యేసు సిలువను ఆధారంగా చూపిస్తుంది. 1 యోహాను 1:9 కంఠస్థం చేయదగిన వచనం: "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును." దయగలవాడు గనుక అనలేదు చూడండి, నీతిమంతుడు గనుక అన్నాడు. వెల చెల్లిపోయిన అప్పును మళ్లీ అడగడం నీతి కాదు కాబట్టి.

లూకా 15లో, ఇల్లు వదిలి ఆస్తి పాడుచేసుకున్న చిన్నకొడుకు కూడా మాటలు సిద్ధపరచుకునే బయలుదేరాడు. పందుల దగ్గర కూర్చుని మూడు ముక్కలు అల్లుకున్నాడు: పాపం చేశాను, కొడుకునని పిలిపించుకోవడానికి తగను, నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. ఇంటి దగ్గర తండ్రి మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాక మొదటి రెండే చెప్పగలిగాడు. మూడోది, కూలి పని చేసి తీర్చుకుంటానన్నది, నోటి నుంచి రాకముందే తండ్రి వస్త్రం తెమ్మని కేక వేశాడు. మీ కాగితం మీద కూడా ఆ మూడో ముక్క ఎక్కడైనా ఉంటే కొట్టేయండి.

అన్నీ కలిపితే ప్రార్థన ఇంత చిన్నగా ఉండవచ్చు:

"తండ్రీ, నేను ఫలానా రోజు ఫలానా పని చేశాను. తెలిసే చేశాను. దానివల్ల ఫలానావారికి నష్టం జరిగింది. ఇది నీకు విరోధమైన పాపం. నా దగ్గర సాకు లేదు. యేసు నాకోసం చనిపోయాడు గనుక నన్ను క్షమించు. నాలో శుద్ధమైన హృదయం కలుగజేయి. ఆ మనిషి దగ్గరికి వెళ్లే ధైర్యం ఇవ్వు."

యేసు చెప్పిన ఉపమానంలో, దేవాలయంలో ఒక సుంకరి (పన్ను వసూలుచేసేవాడు) చేసిన ప్రార్థన ఇంతకంటే చిన్నది: "దేవా, పాపినైన నన్ను కరుణించుము." అతను నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లాడని యేసు అన్నాడు.

ఎవరితో చెప్పాలి

దేవునితో, అందులో సందేహం లేదు. మనుషుల్లో ఎవరితో అన్నది పాపం ఎంతవరకు పాకిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మనసులోనే ఉండిపోయినది దేవునితో చెబితే చాలు. ఒకరికి నష్టం చేసినది ఆ ఒకరితోనూ చెప్పాలి. సంఘం మొత్తాన్ని మోసం చేసినది సంఘం ముందు చెప్పాలి. మీ మనసులో ఎవరి మీదో అసూయ ఉందనుకోండి, వాళ్ల దగ్గరికి వెళ్లి "ఇన్నాళ్లూ నీ మీద అసూయపడ్డాను" అని చెబితే మీకు హాయిగా ఉంటుంది, వాళ్లకు నిద్ర పట్టదు. మన బరువు దించుకోవడానికి ఇంకొకరి నెత్తిన పెట్టకూడదు.

యాకోబు 5:16 మన పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది. పదేపదే పడగొట్టే రహస్య పాపాలకు ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాటి బలమంతా రహస్యంలోనే ఉంది. ఒక్కరిని ఎంచుకోండి: వయసులోనో అనుభవంలోనో పెద్దవారు, మీ విషయం ప్రార్థన మనవిగా నలుగురి ముందు పెట్టనివారు. ఇతరుల రహస్యాలు మీకు చెప్పిన మనిషికి మీ రహస్యం చెప్పకండి. కతోలిక సంఘంలో దీనికోసం గురువు (ఫాదర్) దగ్గర పాపసంకీర్తనం ఉంది. కనీసం ఏడాదికోసారి చేయాలని 1215లో నాలుగో లాతెరాను మహాసభ నియమం పెట్టింది, విన్నది బయటపెట్టకూడదన్న కట్టడి గురువు మీద ఉంటుంది. ప్రొటెస్టంట్లు దాన్ని పూర్తిగా వదిలేశారనుకుంటారు గానీ, ప్రొటెస్టంట్లలో ఒక శాఖ అయిన లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఏకాంత ఒప్పుకోలును సంఘాల్లో కొనసాగించాలనే చెబుతుంది. మీరు ఏ సంఘానికి చెందినా, ఇంకో మనిషి నోటి నుంచి "దేవుడు నిన్ను క్షమించాడు" అన్న మాట వినడం వేరు.

తప్పు మనిషిని ఎంచుకుంటే ఏమవుతుందో యేసును డబ్బుకు అప్పగించిన యూదా ఇస్కరియోతులో కనిపిస్తుంది. అతను ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు కూడా. ప్రధాన యాజకులు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. ఆ మాట తీసుకుని ఒంటరిగా వెళ్లి ఉరిపోసుకున్నాడు. పేతురు కూడా యేసును ఎరగనని మూడుసార్లు బొంకాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు, కానీ మిగిలిన శిష్యులను వదిలి పోలేదు. సముద్రతీరాన యేసు మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగేసరికి అక్కడే ఉన్నాడు. అపరాధ భావం చావు ఆలోచనల దాకా తీసుకెళ్తుంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి, ఈ రోజే నమ్మకమైన ఒక మనిషికీ ఒక డాక్టరుకూ చెప్పండి.

చేసింది చట్టం దృష్టిలో నేరమైతే, ముఖ్యంగా పిల్లల మీద, స్త్రీల మీద జరిగినదైతే, ప్రార్థనలో ఒప్పుకోవడం పోలీసుల ముందు ఒప్పుకోవడానికి బదులు కాదు. "దేవుడు క్షమించాడు, ఇక వదిలేయండి" అని బాధితులను ఒత్తిడి చేసే పెద్దలు పాపానికి కాపలా కాస్తున్నారు.

తిరిగి ఇవ్వండి

పరిశుద్ధ గ్రంథంలో ఇంత స్పష్టంగా ఉండి, ఇంత తక్కువగా బోధించే సంగతి ఇంకోటి ఉందా అనిపిస్తుంది. లేవీయకాండము 6:1-7 చదవండి. ఒకరి సొమ్ము మోసం చేసి తీసుకున్నవాడు అసలు మొత్తం, దానిమీద అయిదో వంతు కలిపి సొంతదారుకు ఇవ్వాలి. ఎప్పుడు? అపరాధపరిహారార్థ బలి అర్పించే రోజే. బలి ఇచ్చి, డబ్బు సంగతి తర్వాత చూద్దాం అనడానికి లేదు. నష్టపోయినవాడు చనిపోయి, బంధువు కూడా లేకపోతే ఆ సొమ్ము యాజకునికి చెందాలని సంఖ్యాకాండము 5:8 చెబుతుంది. అంటే ఏ పరిస్థితిలోనూ అది తీసుకున్నవాడి దగ్గర మాత్రం ఉండకూడదు. ఈ రోజు అలాంటి సొమ్ము మీ దగ్గర ఉంటే, పేదలకు ఇవ్వండి.

యేసును ఇంటికి చేర్చుకున్న సుంకరి జక్కయ్య ధర్మశాస్త్రం అడిగిన అయిదో వంతు దగ్గర ఆగలేదు. నాలుగంతలు ఇస్తానన్నాడు, ఆస్తిలో సగం బీదలకన్నాడు. యేసు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నది ఆ మాట విన్నాకే. డబ్బుతో రక్షణ కొన్నాడని కాదు; వచ్చిన రక్షణ అతని సంచిలోనూ కనబడింది.

డబ్బు సంగతి సులువే. పోగొట్టిన పేరు తిరిగి ఇవ్వడం కష్టం. ఎవరి గురించి ఎవరెవరి దగ్గర అబద్ధం చెప్పారో ఆ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "నేను చెప్పింది అబద్ధం" అనాలి. క్షమాపణ అడిగేటప్పుడు ఆ మనిషి వెంటనే క్షమించాలని ఆశించకండి. వాళ్లకు కోపం ఉండే హక్కుంది. మీ వంతు చెప్పి, వాళ్ల మాట విని, రండి. అవతలివారు మిమ్మల్ని చూడటానికే భయపడే పరిస్థితి అయితే ఎదురుగా వెళ్లకండి, దూరంగా ఉండటమే అక్కడ మీరు తిరిగి ఇవ్వగలిగేది.

మీకు బాకీపడ్డవాళ్ల సంగతి

ప్రభువు ప్రార్థన నేర్పాక యేసు వివరణ ఇచ్చింది అందులో ఒకే ఒక్క విన్నపానికి: మీరు మనుషులను క్షమించకపోతే మీ తండ్రి మిమ్మల్ని క్షమించడు (మత్తయి 6:14-15). మత్తయి 18లోని ఉపమానంలో సేవకుడికి రాజు వదిలేసిన అప్పు పదివేల తలాంతులు. ఆ సేవకుడు తోటివాడి గొంతు పట్టుకున్నది నూరు దేనారాల కోసం. ఒక తలాంతు సుమారు ఆరువేల దేనారాలు కాబట్టి మొదటిది రెండోదానికి ఆరు లక్షల రెట్లు. క్షమించడమంటే కొట్టేవాడి ఇంటికి తిరిగి వెళ్లడం కాదు, కేసు వాపసు తీసుకోవడం కూడా కాదు. పగ తీర్చుకునే పని దేవుని చేతికి ఇచ్చేయడం.

ఆ తర్వాత

కాగితం చింపేయండి, లేదా కాల్చేయండి. ఒప్పుకున్న రోజు గుర్తుగా బైబిల్లో 1 యోహాను 1:9 పక్కన తేదీ రాసుకోండి. రెండు వారాల తర్వాత అదే జ్ఞాపకం వచ్చి పొడిచినప్పుడు మళ్లీ మొదటినుంచీ బతిమాలకండి, తేదీ చూసి "క్షమించినందుకు స్తోత్రం" అనండి. మన హృదయం మన మీద నేరం మోపినా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడని యోహాను రాశాడు (1 యోహాను 3:20). మనసు తేలికపడటానికి కొన్నాళ్లు పట్టవచ్చు. క్షమాపణ దానికోసం ఆగదు.

ఫలితాలు మాత్రం మిగలవచ్చు. నాతాను "యెహోవా నీ పాపమును పరిహరించెను" అన్న పూటే దావీదు ఇంట్లో రాబోయే కష్టాలు కూడా చెప్పాడు. ఉద్యోగం పోవచ్చు, నమ్మకం తిరిగి రావడానికి ఏళ్లు పట్టవచ్చు. దాన్ని దేవుడు క్షమించలేదనడానికి రుజువుగా తీసుకోకండి.

మళ్లీ అదే పాపంలో పడితే? సామెతలు 28:13 ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరం పొందుతాడంటుంది. విడిచిపెట్టడం ఆ వచనంలో సగం. కాబట్టి ఈసారి ఒప్పుకోలుతో పాటు, పడిన చోటును కూడా చూడండి: ఏ సమయం, ఏ ఫోన్ నంబరు, ఏ స్నేహం, ఎలాంటి ఒంటరితనం. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి "మేమేమి చేయవలెను" అని అడిగిన సుంకరులకు, సైనికులకు ఆయన ఎవరి వృత్తికి తగ్గ జవాబు వాళ్లకు ఇచ్చాడు: సుంకరులకు, మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయకండి; సైనికులకు, ఎవరినీ బెదిరించి గుంజకండి, జీతంతో సరిపెట్టుకోండి. మీరు పడిన చోటుకు తగ్గ ఒక్క మార్పు ఎంచుకుని, మీరు ఎంచుకున్న ఆ ఒక్క మనిషికి అదేమిటో చెప్పి, వారానికోసారి అడగమనండి. రోజుకు ఏడుసార్లు వచ్చి మారుమనస్సు పొందానన్నా క్షమించాలని శిష్యులకు చెప్పినవాడు (లూకా 17:4), ఎనిమిదోసారి వచ్చారని మీ ముఖం మీద తలుపు వేయడు. కొంచెం శుభ్రపడ్డాక వద్దామని వారం రోజులు ప్రార్థన మానేయకండి. పడిన రోజే రండి.